గొప్పకు చెప్పిన మాట

ఆ పొద్దు మారప్ప నోట రావాల్సిన మాట "నాలుగు వందల ఇరవై". వచ్చిన మాట "గొడుగు".

మదనపల్లె టమోటా మార్కెట్టులో, దొరస్వామి మండీ ముందర, బాక్సులు మనిషెత్తు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నడుచుకుంటూ ధర పాడడం మారప్ప పని. పాటంటే రాగం తీసేది కాదు, వేలం పాట. వెనకాల వ్యాపారులు గుంపుగా వస్తుంటారు. ఒకడు కనుబొమ్మ ఎగరేస్తాడు, ఒకడు తువ్వాలు ఈ భుజం మీదనుంచి ఆ భుజానికి మార్చుకుంటాడు, ఇంకొకడు ఊరికే దగ్గుతాడు. ఎవరి దగ్గు జలుబుదో, ఎవరి దగ్గు పది రూపాయలు ఎక్కించమనేదో మారప్పకు తెలుసు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గొంతు ఆ మార్కెట్టులో మోగింది. ఒక్కనాడు తడబడింది లేదు.

అట్లాంటి మనిషి గొడుగు అన్నాడు. వ్యాపారులు నవ్వారు. ఇంత ఎండలో గొడుగు పట్టమంటున్నాడు పాపం అని ఒకడు ఎగతాళి చేశాడు. మారప్ప తల విదిలించుకుని మళ్ళీ పాడబోయాడు. మళ్ళీ గొడుగే. మూడోసారి నోరు తెరిచాడు గాని గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ కళ్ళు చూసి దొరస్వామి నవ్వు ఆపేశాడు. అంతలో మారప్ప కుడిచేయి దానంతట అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోటెంట నురగ వచ్చింది. మనిషి బాక్సుల మీదికి ఒరిగిపోయాడు. మాగిన టమోటాలు నలిగి చొక్కా అంతా ఎర్రగా అయితే రక్తమనుకుని సగంమంది అక్కడినుంచి పరుగు తీశారు.

పుంగనూరు అవతలి పల్లెలో మారప్ప పెండ్లాం చెంగమ్మకు ఫోను వచ్చేసరికి, ఆమె ఆయన స్నానానికని కాగులో నీళ్ళు కాచిపెట్టి కూర్చోనుంది.

చెంగమ్మ అంటే ఊళ్ళో సగంమందికి భయం, మిగతా సగంమందికి కుళ్ళు. నోరు అట్లాంటిది, ఇల్లు అట్లాంటిది. మారప్ప తాతా తండ్రీ కూలివాళ్ళు. ఇంకొకరి చేలో వంగి, ఇంకొకరి వాకిట్లో వంగి, ఆ వంగిన నడుముతోనే కాటికి పోయినవాళ్ళు. మారప్ప కూడా పెండ్లయిన కొత్తలో శెనక్కాయ చేలల్లో కూలికి పోయినవాడే. తర్వాత మార్కెట్టులో బాక్సులు దించే హమాలీ. గొంతు బాగుండాదని దొరస్వామి పాటకు పెట్టుకున్నాడు. నెల తిరిగితే జీతం. ఆ మొదటి జీతం ఇంటికొచ్చిన రోజు చెంగమ్మ మనసులో ఒక గీత గీసుకుంది. ఈ మనిషి బయట ఎంతమందికైనా వంగనీ, నా గడప లోపల మాత్రం వంగకూడదు.

ఆ గీత ఇన్నేళ్ళలో ఆమె దాటలేదు, ఆయన్ను దాటనివ్వలేదు. మారప్ప బస్సు దిగి ఇంటికొస్తే కాళ్ళకు నీళ్ళు ఇచ్చేది చెంగమ్మ. స్నానానికి నీళ్ళు తోడేది, వీపు రుద్దేది, తువ్వాలు అందించేది చెంగమ్మ. తట్టలో సంగటి పెట్టి, మధ్య గుంతలో ఊరిమిండి పచ్చడి వేసి, గ్లాసులో నీళ్ళు పోసి "తిను" అనేది. ఆ మాట వినేదాకా ఆయన తట్ట ముట్టుకునేవాడు కాదు. బయటికి పోయేటప్పుడు కాళ్ళకు తొడుక్కునే మెట్లు కూడా వీధివైపు తిప్పి పెట్టేది. వీధిలో ఆడోళ్ళు మూతి విరిచేవాళ్ళు. విరిస్తే విరవనీ. వాళ్ళ మొగుళ్ళు బిందెలు మోస్తుంటే చెంగమ్మ చూసి నవ్వేది కాదా ఏం.

మదనపల్లె ఆసుపత్రిలో తలకు స్కానింగు తీశారు. ఎడమవైపు గడ్డ ఉందనీ, చూడ్డానికి మంచి గడ్డగా లేదనీ, ఆలస్యం చేయకుండా బెంగుళూరుకు తీసుకుపొమ్మనీ చెప్పారు. మంచి గడ్డ అని ఒకటి ఉంటుందా అని చెంగమ్మ ఆ డాక్టరును అడిగింది. ఆయన చీటీ రాసిచ్చాడు.

కూతురు వాణి కాపురం కుప్పంలో. అక్కడ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. అల్లుడు మునిశేఖర్ రోజూ పొద్దున రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి వచ్చేవాళ్ళలో ఒకడు. కాబట్టి మారప్పను కుప్పం చేర్చి, అక్కడినుంచి మునిశేఖర్‌కు తెలిసినవాళ్ళ ద్వారా బెంగుళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మూర్ఛకు ఇచ్చిన మందులతో మారప్ప మత్తుగా ఉన్నాడు. నడవగలడు గాని, ఆసుపత్రి వాకిట్లో చక్రాల కుర్చీ కనపడగానే చెంగమ్మ దాన్ని లాక్కొచ్చి ఆయన్ను కూర్చోబెట్టింది. నా మొగుడు ఈ జనంలో తోసుకుంటూ నడుస్తాడా అంది.

డాక్టరు పేరు రాజగోపాల్. పలమనేరువైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. లోపలికి పోతే గది నిండా జనం. ఆయన మారప్పను పేరడిగాడు. మారప్ప పెదాలు కదిలించాడు, పేరు రాలేదు. తన పేరు తనకు దొరకని మనిషిని చూసి వాణి ముఖం తిప్పుకుంది. డాక్టరు చేయి ఎత్తమన్నాడు, కాలు ఎత్తమన్నాడు. మత్తులో ఉన్న మనిషికి ఆ మాటలు అందితే కదా. ఇక చెంగమ్మ వైపు తిరిగాడు.

"ఈ ఫిట్స్ రాకముందు సంగతి చెప్పండమ్మా. ఆయన స్నానం ఆయనే చేసేవాడా?"

చెంగమ్మ కొంగు సర్దుకుంది. ఊళ్ళో ఎవరూ ఇంతవరకూ ఇంత మర్యాదగా ఆమెను ఈ ప్రశ్న అడగలేదు.

"నేనుండగా ఆయప్ప యాల చేసుకుంటాడు సార్? నీళ్ళు తోడేది నేనే, వీపు రుద్దేది నేనే."

"బట్టలు?"

"నేనే అందిస్తాను."

"అన్నం?"

"తట్టలో పెట్టి తినమని చెప్పాల. గ్లాసులో నీళ్ళు గూడా ముంచుకోడు."

"ఇదంతా ఈమధ్యనేనా?"

"ముందునుంచీ ఇంతే సార్. ఎవుర్నైనా అడగండి."

ఏం పని చేస్తాడని అడిగితే, కూలిపని కాదు సార్, మండీలో ఊరికే నిలబడి ఉంటాడు అంతే అంది. బాక్సులు మోసే మనిషనుకుంటాడేమోనని ఆమె భయం. డాక్టరు వాణివైపు చూశాడు. వాణి కూడా తలాడించింది. అమ్మే అన్నీ చేస్తాది సార్ అంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకు అందులో తప్పేముందో ఎట్లా తెలుస్తుంది? చెంగమ్మ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు తల ఎత్తుకునే వచ్చింది. ఇంత రోగంలోనూ తనకు ఒక మంచి మార్కు పడిందని ఆమెకు అనిపించింది.

రెండు రోజులు రకరకాల పరీక్షలు చేశారు. ఆ తర్వాత డాక్టరు వాణినొక్కదాన్నే లోపలికి పిలిచాడు. వాణి బయటికొచ్చి గోడకానుకుని కింద కూర్చుండిపోయింది. చెంగమ్మ పక్కనే కూర్చుని, ఆపరేషను ఎప్పుడంట అని అడిగింది.

"ఆపరేషను లేదుమా."

"యాల?"

"శానా చెడ్డ గడ్డంట. మెదడులో పుట్టే గడ్డల్లో దానికన్నా చెడ్డది లేదంట. మాటలు ఉండే చోటు పక్కనే ఉండాదంట. మనిషి గట్టిగా ఉంటే తెరిచి తీసేవాళ్ళంట. నాయన తట్టుకోలేడంట. రవ్వంత ముక్క తీసి చూసి, కొన్నాళ్ళు కరెంటు పెట్టి, ఇంటికి పిలుచుకోని పొమ్మన్నారు. కొన్ని నెలలంట."

కరెంటు పెట్టడమంటే గడ్డను మాడ్చే వైద్యం, అది చెంగమ్మకు ఊళ్ళో ఒకరిద్దరివల్ల తెలుసు. ఆమెకు అర్థం కానిది వేరే.

"తట్టుకోలేడని ఎవురు చెప్పినారు?"

"ఆయన పనులు ఆయన చేసుకోలేడు గదా అన్నారు. శానా దినాలనుంచీ ఒకరు స్నానం చేయించి, ఒకరు తినిపిస్తే గాని లేని మనిషికి తల తెరిస్తే మంచం మీదే పోతాడన్నారు."

"చేసుకోలేడని ఆ డాక్టరుకు ఎవురు చెప్పినారే?"

వాణి తల్లి ముఖంలోకి చూసింది. "నువ్వే చెప్పినావు."

పిడుగు పడితే చప్పుడన్నా ఉంటుంది. చెంగమ్మకు చప్పుడు లేకుండా పడింది. నోరున్న మనిషి, ఎవరేమన్నా వెంటనే రెండు మాటలు అంటగట్టే మనిషి, అట్లాగే గోడకు అంటుకుపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా తాను మెడలో దండగా వేసుకుని తిరిగిన గొప్పతనం, ఒక చిన్న గదిలో, మొగుడి రోగంగా లెక్కకొచ్చింది. మొగుడు అక్కడే కుర్చీలో కూర్చుని, మాట రాక, ఆ లెక్కను కాదనలేకపోయాడు. తాను కాదనకపోగా ఎవరినైనా అడగండి అంది.

లేచి డాక్టరు గది తలుపు తోసుకుని పోయింది. బయట ఉండే బిళ్ళ బంట్రోతు అడ్డమొస్తే, నీ అమ్మకు ఇట్లా అయితే అడ్డమొస్తావా అని వాడిని పక్కకు నెట్టింది. లోపల ఇంకో రోగి ఉన్నాడు. అయినా చెప్పేసింది. ఆయప్ప మొన్నటిదాకా పొద్దున్నే బస్సెక్కి మదనపల్లెకు పోయి, మార్కెట్టు ఈ కొననుంచి ఆ కొనకు నడుచుకుంటా పాట పాడేవాడు సార్, నేను చేసింది ఆయప్పకు చేతగాక కాదు, నా గొప్పకు చేసినాను అని. ఆ చివరి మాట నోటినుంచి బయటికి రావడానికి ఆమెకు పన్ను పీకినంత పనయింది.

డాక్టరు కోప్పడలేదు. నమ్మనూ లేదు. "ఫలితం విన్న తర్వాత అందరూ మాట మారుస్తారమ్మా. మీ తప్పు కాదు, ప్రేమ అట్లాంటిది."

తర్వాత ఆ మనిషి పనులున్నా కూర్చోబెట్టి చెప్పాడు. అది ఆయన మంచితనం. ఈ గడ్డ వచ్చినవాళ్ళలో ఎవరు ఎక్కువ రోజులుంటారో, ఎవరు తక్కువ రోజులుంటారో చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయన్నాడు. వయసు ఒకటి. యాభై నాలుగంటే ఈ గడ్డకు మంచి వయసే. గడ్డను ఎంత తీయగలమనేది ఇంకొకటి, దాదాపు అంతా తీయగలిగితే ఎక్కువ కాలం. గడ్డ లోపల ఒక గుర్తు ఉంటుంది, ఆ గుర్తు ఉంటే మాత్రలు బాగా పనిచేస్తాయి, లేకపోతే అంతగా చేయవు, అది గడ్డ చేతికొచ్చాకే తెలుస్తుంది. వీటన్నిటితోపాటు, గడ్డ బయటపడిన నాటికి మనిషి తన పని తాను చేసుకుంటున్నాడా లేదా. చేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదమ్మా, చేసుకోగలిగినవాడు కోతనూ కరెంటునూ మాత్రల్నీ తట్టుకుని బయటికొస్తాడు, మిగతావాళ్ళు మధ్యలోనే కూలిపోతారు అన్నాడు. 

"వయసు దేవుడిచ్చినాడు, గుర్తు గడ్డలో ఉండాది, తీసేది మీ చేతిలో ఉండాది. ఆ మిగిలింది నా నోట్లో ఉండింది సార్. నేను పాడు చేసినాను," అంది చెంగమ్మ.

డాక్టరు చీటీ దగ్గరికి లాక్కున్నాడు. మెదడు వాపు తగ్గే మాత్రలు మొదలుపెడుతున్నాం, మత్తు కూడా దిగుతుంది, సోమవారం తీసుకురండి, ఒకమ్మాయి ఆయన్ను పరీక్ష చేస్తుంది, నేనూ వచ్చి చూస్తాను అన్నాడు. ఒక షరతు పెట్టాడు. ఆ సేపు మీరు ఆయన్ను ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు, సైగ చేయకూడదు.

ఆ నాలుగు రోజులు కుప్పంలో, కూతురింట్లో. మాత్రలు బాగా పనిచేశాయి. మారప్ప కళ్ళలో వెలుగొచ్చింది. మనుమరాలిని చూసి నవ్వాడు. ఒకటీ అరా మాటలు కూడా పడుతున్నాయి. అయితే పొద్దున స్నానాల గదిలోకి పోయి నీళ్ళ కోసం నిలబడ్డాడు. పక్కనే బకెట్టు ఉంది, పైన కొళాయి ఉంది. చెంగమ్మ బయట తలుపు పట్టుకుని నిలబడింది. లోపల ఆయన, బయట ఈమె. చివరికి మునిశేఖర్ పోయి, మామా కొళాయి తిప్పు అంటే తిప్పాడు. అన్నం దగ్గరా అంతే. పెట్టింది ముందర పెట్టుకుని కూర్చుంటాడు, చెంగమ్మ నోటివైపు చూస్తాడు. చేతగాక చూస్తున్నాడా, అలవాటుగా చూస్తున్నాడా? ఇన్నేళ్ళు కాపురం చేసిన ఆడదానికి ఆ తేడా తెలియలేదు. తెలియకపోవడమే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. రోగం ఎక్కడ ఆగిందో, తన పెంపకం ఎక్కడ మొదలైందో గీత దొరకలేదు.

వాణికి ఓర్పు పోయింది. "నువ్వు నాయన్ను మనిషిగా ఉండనీలేదుమా. దేవుణ్ణి చేసి పెట్టినావు. దేవుడు ఎదురుగా నైవేద్యం ఉన్నా చెయ్యి సాచడు, సూసినావా యాడన్నా?"

ఇంకో రోజైతే ఈ మాటకు వాణి చెంప పగిలేది. చెంగమ్మ సుగుటూరు గంగమ్మను తలుచుకుని, నాకీ నాలుగు దినాలు నోరూ చేతులూ కట్టేయి తల్లీ అని మొక్కుకుంది.

సోమవారం ఆసుపత్రిలో అద్దం తలుపున్న ఒక గది. పరీక్ష చేసే అమ్మాయి పేరు జెనిఫర్, మదనపల్లె పిల్ల. ఆమె చెంగమ్మను తలుపు బయటే నిలబెట్టింది. తలుపు సగం తెరిచే ఉంది. మారప్ప నడిచాడు, తిన్నగానే నడిచాడు. మెట్లెక్కి దిగాడు. చొక్కా విప్పి తొడుక్కోమని చేత్తో చూపిస్తే విప్పి తొడుక్కున్నాడు, గుండీలు పెట్టుకున్నాడు. కుడిచేయి కొంచెం నిదానంగా కదిలింది గాని కదిలింది. చెంగమ్మ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు జెనిఫర్ ఒక తట్టలో ఇడ్లీలు, పక్కన చెంబుతో నీళ్ళు, ఖాళీ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టింది. తన టీ గ్లాసు కూడా ఆ బల్లమీదే ఓ మూల ఉంచి, చేతులు కట్టుకుని నిలబడింది. తినండి అనలేదు. చేయి చూపించలేదు. తనంతట తాను మొదలుపెడతాడా లేదా అనేదే పరీక్ష.

మారప్ప ఇడ్లీలవైపు చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కూర్చున్నాడు.

చాలాసేపు కూర్చున్నాడు. జెనిఫర్ గడియారం చూసుకుంది. చెంగమ్మ నాలుక చివర "తిను" అనే మాట వచ్చి నిలబడింది. ఆ ఒక్క మాట అంటే తింటాడు, అంటే పరీక్ష పోతుంది. అనకపోతే తినడు, అయినా పరీక్ష పోతుంది. జెనిఫర్ ఏదో రాసుకోబోతూ కలం తీసింది.

అప్పుడు చెంగమ్మ అనకూడని మాట అనేసింది. షరతూ మరిచిపోయింది, చుట్టూ ఉన్న జనాన్నీ మరిచిపోయింది.

"నేను సచ్చిపోయినాననుకో. ఈడ లేను నేను. ఇంగ సూసుకో నీ బతుకు."

ఆ వరండాలో కూర్చున్న రోగులూ, వాళ్ళతో వచ్చినవాళ్ళూ, అందరూ ఇటే తిరిగారు. ముత్తైదువ, పట్టపగలు, మొగుడి ముఖాన ఆ మాట అనడమా. ఒక ముసలామె తాళి కళ్ళకద్దుకుంది. చెంగమ్మ వెనక్కి తిరిగి, గోడవైపు ముఖం పెట్టుకుని నిలబడింది. చెప్పినట్టే లేనిదానిమాదిరి నిలబడింది.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడు విని గాని ఆమె తిరగలేదు. తిరిగితే మారప్ప ముఖం ఎర్రబడి ఉంది. కోపం. ఏదో అనబోయాడు, మాట దొరకలేదు, చేత్తో గాలిని కొట్టాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇడ్లీలు ఒకటి తర్వాత ఒకటి తినేశాడు. చెంబులో నీళ్ళు గ్లాసులోకి ఒంపుకుని తాగాడు. అంతటితో ఆగలేదు. లేచి తట్టా గ్లాసూ తీసుకున్నాడు. పోతూపోతూ బల్ల మూలనుండే జెనిఫర్ టీ గ్లాసు కూడా వేలితో తగిలించుకున్నాడు. మూలనున్న కొళాయి కింద మూడూ కడిగాడు. గ్లాసు లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి, ఒక్క తిప్పు తిప్పి, బోర్లించి, నీళ్ళు విదిలించాడు. టీ అంగట్లో పనిచేసేవాళ్ళు కడిగినట్టు. తిరిగొచ్చి భుజంమీది తువ్వాలుతో బల్ల తుడిచాడు.

చెంగమ్మ చూస్తూనే ఉండిపోయింది. ఆ చేతులకు అది కొత్త పని కాదు. ఒక్కసారి చేసే పనికీ, వేలసార్లు చేసిన పనికీ తేడా ఇంటిపని చేసే ఆడదానికి తెలియదా?

ఎప్పుడొచ్చాడో, డాక్టరు రాజగోపాల్ ఆమె వెనకాలే నిలబడి ఉన్నాడు. మీరు మాట్లాడకూడదని చెప్పాను కదమ్మా అన్నాడు. తినమని చెప్పలేదు సార్, సచ్చినానని చెప్పినాను అంది చెంగమ్మ. డాక్టరు జెనిఫర్ దగ్గరికి పోయి మాట్లాడి వచ్చి, బుధవారం ఆపరేషను అన్నాడు.

ఆ సాయంత్రం దొరస్వామి ఫోను చేస్తే వాణి ఈ సంగతంతా చెప్పింది. చెంగమ్మ ఫోను లాక్కుని, మీ మండీలో గ్లాసులు ఎవురు కడుగుతారు అని సూటిగా అడిగింది. అవతల దొరస్వామి నవ్వాడు. మారప్ప కాక ఇంకెవురుమా, టీ కాచేదీ ఆయప్పే, అందరికీ ఇచ్చేదీ ఆయప్పే, తన బట్టమీద మరక పడితే ఆడే ఉతుక్కోని ఆరేసుకోని గాని ఇంటికి రాడు గదా అన్నాడు. ఇంట్లో మాత్రం చెయ్యి కదపను, మా ఆడమనిషికి అదొక సంతోషం, దాన్ని నేనెందుకు సెడగొట్టేది అని ఎన్నోసార్లు చెప్పినాడు అన్నాడు.

చెంగమ్మ ఫోను పెట్టేసింది. ఇన్నేళ్ళూ తాను ఆయనకు చేస్తున్నాననుకుంది. చేయించుకుని ఆయన తనకు చేస్తున్నాడు. ఈ మాట ఆయన్నే అడుగుదామంటే, జవాబు చెప్పడానికి ఆయన దగ్గర మాటలు లేవు. అన్ని మాటలున్న రోజుల్లో తాను అడగలేదు.

ఆపరేషను మంచిగా జరిగింది. కంటికి కనపడే గడ్డంతా తీసేశామన్నారు. మాట పూర్తిగా రాలేదు గాని ఉన్నది పోలేదు. మిగిలింది ఆ గుర్తు సంగతి. ఆ ఫలితం వచ్చిన రోజు వాణి తల్లికి చెప్పకుండా దాచబోయింది. దాచిన ముఖం తల్లికి తెలియదా? గడ్డలో ఆ గుర్తు లేదు. మాత్రలు పనిచేయాల్సినంత పనిచేయవు.

అన్నీ మనవైపు రావాలని యాడుండాది అంది చెంగమ్మ. అయితే డాక్టరు దగ్గరికి పోయి, తక్కువ పనిచేసే మందు వేసుకోవాలా వద్దా అని అడిగింది. తక్కువైనా వేసుకుందాం, మనిషి తట్టుకునేలా ఉన్నాడు కాబట్టి కరెంటూ మాత్రలూ రెండూ పూర్తిగా ఇద్దాం, మధ్యలో మాత్రం ఆపకండి అన్నాడు. 

ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, కుప్పంనుంచి బెంగుళూరుకు రైలు. పనికిపోయే జనం మధ్య, క్యారియర్లు తగిలించుకున్న పిల్లల మధ్య మారప్ప నిలబడి పోయేవాడు. అల్లుడు పక్కనుండేవాడు. ఎవరైనా సీటిస్తే మొదట్లో వద్దనేవాడు, నాలుగో వారంనుంచి కూర్చునేవాడు. తలమీద వెంట్రుకలు ఒక పక్క రాలిపోయాయి. వాంతులయ్యాయి. ఒక్క రోజూ మానలేదు. చెంగమ్మ తోడుపోతే ఊరికే కూర్చునేది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది, లేకుంటే అవి వాటికవే లేస్తాయి.

ఇది జరిగి ఏడాది దాటింది. మొదట చెప్పిన నెలలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు పుంగనూరు అవతలి తమ పల్లెలోనే ఉన్నారు. మార్కెట్టుకు పోవడం లేదు. నెల నెలా మాత్రలు, రెండు మూడు నెలలకొకసారి స్కానింగు. మారప్ప లేచి నీళ్ళు తోడుకుంటాడు, తన బట్టలు తానే ఉతుక్కుంటాడు, ఇద్దరికీ టీ కాస్తాడు. చెంగమ్మ అరుగుమీద కూర్చుని చూస్తుంది.

మొన్న చూడ్డానికని వచ్చిన ఆడోళ్ళు ఈ వైభోగం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. తలలో గడ్డ వచ్చిన మొగుడు బండమీద బట్టలు బాదుతుంటే, పెండ్లాం అరుగుమీద కాళ్ళు సాచుకుని కూర్చోనుంది. ఒకామె ఆగలేక, ఏం మే, నువ్వేనా ఇది, ఆయప్ప చేత గుడ్డలుతికిస్తాండావే, సిగ్గు లేదా అని అడిగేసింది.

"నేను ఉతికితే ఆయప్ప ఉతకగలడో లేదో నాకు యాడ తెలుస్తాది?" అంది చెంగమ్మ. "డాక్టరు ప్రతిసారీ ఆ మాటే అడుగుతాడు. తెలీకుండా నేను మల్లా ఏదన్నా చెప్పాల్నా?"

వాళ్ళకు అర్థం కాలేదు. దారిపొడుగునా చెవులు కొరుక్కుంటూ పోయారు. ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

ఈ పొద్దు స్కానింగుకు పోవాలి. పొద్దున్నే మారప్ప స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అద్దం ముందర నిలబడ్డాడు. కింది గుండీలు పెట్టుకున్నాడు. మెడ దగ్గరి గుండీకి కుడిచేతి వేళ్ళు పోయాయి, జారాయి. మళ్ళీ పోయాయి, మళ్ళీ జారాయి. పోయిన నెల ఈ వేళ్ళే ఆ గుండీని ఒక్క ఊపున పెట్టాయి. చెంగమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.  రెండడుగులు వేస్తే చాలు, ఆ గుండీ ఆమె పెట్టేస్తుంది, ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా తెలియనట్టే ఉంటుంది.

ఆమె కదల్లేదు. మారప్ప ఇంకోసారి ప్రయత్నించి, వదిలేసి, మెడ దగ్గర తెరిచిన చొక్కాతోనే వాకిట్లోకి నడిచాడు. 

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. చెంగమ్మ పక్కన కూర్చుని, డాక్టరు అడిగేదాకా ఆగకుండా, లోపలికి పోగానే చెప్పాల్సిన మాటను మనసులో ఒకటికి పదిసార్లు అనుకుంది. "సార్, పై గుండీ పెట్టుకోలేకపోయినాడు. ఈసారి నేను సూసినాను."